అపరాధ పరిశోధక నవలలో రోగి భోజనం

అపరాధ పరిశోధక సాహిత్యంలో రోగులకు కొరత ఎన్నడూ లేదు. గుండెజబ్బు గల జమీందారు, మంచం పట్టిన వృద్ధురాలు, మందు లేనిదే నిద్రపట్టని వితంతువు, చక్రాల కుర్చీలో కూర్చుండి ఇంటిని శాసించే పెద్దాయన, వీరు లేకుండా ఈ కథాజాతి నడచిన దినం లేదు. అయితే వీరిలో అత్యధికులు నవలలోనికి వచ్చేది మరణించడానికే. వ్యాధి వారి బ్రతుకులో ఒక భాగమన్న సంగతి పాఠకునికి తెలియదు. అది హంతకునికి దొరికిన పనిముట్టుగానో, వైద్యుడు అనుమానించకుండా మరణపత్రం వ్రాసి ఇవ్వడానికి చాలిన సాకుగానో కనిపించి మరుగవుతుంది. సీసాలో మందు ఎన్ని చుక్కలు తగ్గినదో రచయిత లెక్కకట్టి చెబుతాడు. ఆ మందు మింగే మనిషికి ఏ పూట ఏది వడ్డించేవారో, అందులో ఏది విస్తరిలో మిగిలిపోయేదో చెప్పడు.

ఈ లోపం అన్ని వ్యాధుల విషయంలో ఒకే విధంగా బాధించదు. గుండెజబ్బు మనిషి ఏమి తినేవాడో తెలియకపోయినా కథకు పెద్ద నష్టం లేదు. కాని కొన్ని వ్యాధులు పూర్తిగా భోజనంలోనే నివసిస్తాయి. సీలియాక్ వ్యాధి అటువంటిది. దానికి మందు లేదు. పథ్యమే చికిత్స, అదీ జీవితాంతం. ఆ రోగి వంటిల్లు ఎరుగని రచయిత ఆ రోగాన్ని ఎరుగడు.

దాని స్వరూపం క్లుప్తంగా ఇది. గోధుమలోను, బార్లీలోను, రై ధాన్యంలోను ఉండే గ్లూటెన్ అనే జిగట మాంసకృత్తు కడుపులోనికి పోయినప్పుడు, ఆ లక్షణం గల దేహం తన రక్షణశక్తిని తన చిన్నప్రేగు మీదనే ప్రయోగించుకుంటుంది. ఆహారసారాన్ని పీల్చుకొనే ఆంత్ర చూషకాలు క్రమంగా అరిగి చదునవుతాయి. పసిపిల్లలలో విరేచనాలు, ఉబ్బిన పొట్ట, ఆగిపోయిన ఎదుగుదల. పెద్దలలో ఎంత ఇనుము మందు ఇచ్చినా తగ్గని రక్తహీనత, ఎముకల బలహీనత, నోటిపూత, కొందరు స్త్రీలలో సంతానం నిలవకపోవడం. మరికొందరిలో మోచేతుల మీద, మోకాళ్ల మీద దురదపొక్కులు. ఏ లక్షణమూ పైకి కనబడనివారూ ఉన్నారు. భారతదేశంలో వివిధ ప్రాంతాల పెద్దలను పరీక్షించి 2016లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం ఈ వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు ఉత్తరాదిలో నూటికి 1.23 మందిలో, ఈశాన్యంలో 0.87 మందిలో, దక్షిణాదిలో 0.10 మందిలో కనిపించినవి. వ్యాధికి ఆస్కారమిచ్చే జన్యులక్షణం దక్షిణాదివారిలో తక్కువేమీ కాదు. తేడా ప్రధానంగా వారు తినే గోధుమలో ఉన్నది.

ఇటువంటి వ్యాధిని కథలోనికి తీసుకోబోయే రచయితకు మొట్టమొదట తోచే కల్పన ఏమిటో ఊహించడం కష్టం కాదు. విందు జరుగుతూ ఉంటుంది. ఎవరో చాటుగా పులుసులో చారెడు గోధుమపిండి కలుపుతారు. రోగి రెండు గుటకలు మింగి, గొంతు పట్టుకొని, కుర్చీతో సహా కూలిపోతాడు. డిటెక్టివ్ వంగి గిన్నె వాసన చూస్తాడు.

ఇది అబద్ధం. గోధుమ పడక ఊపిరి బిగిసే ఎలర్జీ వేరే ఉన్నది. దాని లక్షణాలను తెచ్చి దీనికి అంటగట్టడం వలన పుట్టిన అబద్ధం ఇది. సీలియాక్ రోగి ఆ విందులో కూలిపోడు. చివరిదాకా కూర్చుంటాడు, తాంబూలం కూడా పుచ్చుకుంటాడు. కొన్ని గంటలకో మరునాటికో కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలు కావచ్చు; తరువాత కొన్ని దినాలు ఒళ్లు లేవనంత నీరసం ఉండవచ్చు. పైకి ఏమీ లేకుండానే లోపల ప్రేగు చెడుతూ పోవచ్చు. ఒక్క రొట్టెతో ఎవరినీ ఈ వ్యాధి ద్వారా హత్య చేయడం సాధ్యం కాదు. ఆకస్మిక మరణం మీద ఆధారపడిన కథాజాతికి ఈ వ్యాధి స్వభావతః లొంగదు.

లొంగకపోతే ఏమి, కథ కోసం ఆ మాత్రం స్వేచ్ఛ తీసుకోరాదా అని అడిగేవారు ఉంటారు. అపరాధ నవలలో పురావస్తు శాస్త్రాన్నో పడవల వేళలనో తారుమారు చేస్తే ఎవరికీ గాయం కాదు. ఇక్కడ గాయపడే మనిషి ఉన్నాడు. కూలిపోయే రోగిని నవలలో చూసిన పాఠకుడు, తన ఇంటిలోనో పొరుగునో ఉన్న నిజమైన రోగి పొరపాటున రెండు ముద్దలు తిని కూడా కూలిపోకపోవడం చూసి, ఇదంతా నటన అని నిశ్చయించుకుంటాడు. ఉమ్మడి కుటుంబంలో ఈ నిశ్చయానికి కాళ్లు ఉన్నాయి, అది వంటింటిలోనికి నడచిపోతుంది. "చెప్పకుండా పెట్టి చూద్దాం, ఏమవుతుందో" అనే మాట అక్కడ పుడుతుంది. ఏమీ అయినట్లు కనబడదు. మళ్లీ పెడతారు.

ఈ కథాజాతికి శాస్త్రం పట్ల గౌరవం లేదనడం మాత్రం సరికాదు. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆస్పత్రి మందుల గదిలో పనిచేసినది. 1920లో వచ్చిన ఆమె తొలి నవల 'ది మిస్టీరియస్ ఎఫేర్ ఎట్ స్టైల్స్'లో స్ట్రిక్నిన్, బ్రోమైడు కలిసినప్పుడు జరిగేది ఏమిటో ఆ గదిలో నేర్చిన చదువుతోనే వ్రాసినది. 1961 నాటి 'ది పేల్ హార్స్'లో థాలియం విషలక్షణాలను ఎంత నిక్కచ్చిగా వర్ణించినదంటే, 1977లో లండన్‌లో ఒక నర్సు ఆ నవల చదువుతూ, తన వార్డులో రోగం ఏమిటో తేలక పడి ఉన్న పసిబిడ్డకు సోకినది థాలియమే కావచ్చునని వైద్యులకు సూచించినది. అది నిజమని తేలినది. నవలలోని సత్యం ప్రాణం నిలిపితే, నవలలోని అసత్యం ఏమీ చేయదని ఎవరు చెప్పగలరు? అయితే ఒకటి గమనించవలసి ఉన్నది. క్రిస్టీ నిక్కచ్చితనమంతా విషానికి సంబంధించినది. విషం విషయంలో పాటించే నిజాయితీని రోగం విషయంలోనూ పాటించవలెనన్న నియమం ఈ సాహిత్యంలో ఇంకా స్థిరపడలేదు.

బెంగాలీలో శరదిందు బంద్యోపాధ్యాయ రచించిన వ్యోమకేశ్ కథలలో 'చిడియాఖానా' ఈ సందర్భంలో పరిశీలించదగినది. 1967లో సత్యజిత్ రాయ్ చలనచిత్రంగా తీయడం వలన బెంగాలు వెలుపల కూడా అది పరిచితమే. విశ్రాంత న్యాయాధిపతి నిశానాథ్ సేన్‌కు రక్తపుపోటు ఎక్కువ. ఆయనను తలక్రిందులుగా వ్రేలాడదీసి చంపి, మంచం మీద పడుకోబెడతారు. చూచినవారికి రక్తపుపోటుతో పోయినట్లే ఉంటుంది. వేసవికాలంలో శవం కాళ్లకు మేజోళ్లు ఎందుకు ఉన్నాయన్నది వ్యోమకేశ్ పట్టుకొన్న సూత్రం. త్రాటి గుర్తులు వాటి క్రింద దాగి ఉన్నాయి. వ్యాధి సంగతి ముందే పాఠకుని ముందు ఉంచడంలోను, హత్యావిధానం ఆ వ్యాధి స్వభావం నుండి పుట్టడంలోను రచయిత న్యాయం తప్పలేదు. కల్పనగా ఇది గొప్పది. కాని ఆ రక్తపుపోటుకు కథలో ఉన్న ప్రధాన వ్యాపారం చంపడమే. ఇది శరదిందు దోషమనడం కంటె ఆయనకు వారసత్వంగా వచ్చిన రూపం యొక్క హద్దు అనడం న్యాయం.

ఆ హద్దును దాటిన పుస్తకం మరింత పాతది. విల్కీ కాలిన్స్ రచించిన 'ది మూన్‌స్టోన్' 1868లో వెలువడినది. శ్రీరంగపట్నం కోట పడిన 1799 నాటి దోపిడితో మొదలవుతుంది గనుక భారతీయ పాఠకునికి అది పరాయి కథ కాదు. వజ్రం పోయిన రాత్రి అసలు జరిగినది ఏమిటి? విందులో ఫ్రాంక్లిన్ బ్లేక్ అనే యువకుడు వైద్యశాస్త్రాన్ని ఎగతాళి చేస్తాడు. పొగత్రాగడం మానినందున అతనికి నిద్ర పట్టడం లేదు, అయినా మందు పుచ్చుకోనంటాడు. అవమానపడిన డాక్టర్ కాండీ, మందు పనిచేస్తుందని నిరూపించడానికి, అతనికి తెలియకుండా అతని పానీయంలో నల్లమందు ద్రావకం కలిపిస్తాడు. మరునాడు చెప్పి నవ్వుకోవాలని ఆయన ఉద్దేశం. కాని ఆ రాత్రే వానలో తడిసి జ్వరం తెచ్చుకొని జ్ఞాపకశక్తి పోగొట్టుకుంటాడు. నల్లమందు మత్తులో బ్లేక్ చేసినది బ్లేక్‌కే తెలియదు. ఒక ఇల్లు కూలినంత పని జరుగుతుంది.

కాండీ దుర్మార్గుడు కాడు. తన మాట నెగ్గించుకోవాలనుకొన్న పెద్దమనిషి మాత్రమే. ఒకరి దేహంలోనికి, వారి అనుమతి లేకుండా, వారి మేలు కోసమో వారికి బుద్ధి చెప్పడం కోసమో ఏదో ఒకటి పంపవచ్చునని నమ్మడంలోనే ఆ నవలలోని మూలాపరాధం ఉన్నది. సీలియాక్ వ్యాధి గురించి వ్రాయబోయేవారికి ఇంతకంటె దగ్గరి నమూనా ఈ సాహిత్యంలో దొరకదు. మొక్కజొన్న పిండిలో గుప్పెడు గోధుమపిండి కలిపి, కోడలికి వడ్డించి, ఆమె ముఖం వైపు చూస్తూ కూర్చున్న అత్తగారిలో కాండీ ఉన్నాడు. ఆమెకు హత్యాసంకల్పం లేదు. పైగా కోడలు నాజూకుతనం మానుకొని బాగా తిని బలపడాలనే కోరిక కూడా ఉండవచ్చు. నేరం జరుగుతున్నది, నేరస్తుడు లేడు. ఉన్నా అతనిని పోలీసులకు అప్పగించడం కుదరదు.

అదే నవలలో ఎజ్రా జెన్నింగ్స్ అనే సహాయ వైద్యుడు ఉన్నాడు. మానని లోపలి వ్యాధితో, దాని బాధకు తాను తీసుకొనే నల్లమందుతో బ్రతుకు ఈడుస్తున్న మనిషి. రహస్యం విప్పేది ఇతడే. విప్పగలగడానికి కారణం అతని రోగానుభవమే. నల్లమందు మనిషిని ఏమి చేస్తుందో అతనికి పుస్తకాల వలన తెలియలేదు. కాలిన్స్ కీళ్లబాధతో, నల్లమందు ద్రావకం పుచ్చుకొంటూ ఈ నవల వ్రాసినవాడు. అందువలననే కాబోలు జెన్నింగ్స్ మీద రచయిత జాలి కురిపించడు. అతనికి పని ఇస్తాడు. రోగిని పరిశోధకునిగా నిలిపిన ఈ ఒక్క ఎత్తుగడను తరువాతి శతాబ్దంన్నర కాలంలో ఎంత తక్కువమంది అందుకొన్నారో తలచుకొంటే ఆశ్చర్యం కలుగుతుంది.

సీలియాక్ వ్యాధి చరిత్రే ఒక పరిశోధక కథ. లండన్‌లో శామ్యూల్ గీ 1888లో పిల్లలలో ఈ వ్యాధిని వర్ణించి, నయమయ్యేటట్లుంటే అది ఆహారం వలననే కావలెనని ఊహించినాడు. ఏ ఆహారమో తెలియలేదు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం ప్రవేశపెట్టినాడు. పిల్లలు కోలుకున్నారు, కీర్తి అరటిపండుకు దక్కినది. ఆ పథ్యంలో రొట్టె లేదన్నదే అసలు కారణమని చాలా కాలం ఎవరికీ తట్టలేదు. నెదర్లాండ్స్‌లో విలెమ్ కారెల్ డికే అనే శిశువైద్యుడు 1930ల నుండీ గోధుమను అనుమానిస్తూ వచ్చినాడు. 1944-45 నాటి శీతకాలంలో ఆ దేశం ఆకలితో మలమల మాడినది, రొట్టె దొరకలేదు. దేశమంతా కృశిస్తూ ఉంటే ఈ పిల్లలు తేరుకొన్నారు. రొట్టె తిరిగి వచ్చినప్పుడు మళ్లీ జబ్బుపడినారు. డికే తన పరిశోధనను 1950లో సిద్ధాంతవ్యాసంగా సమర్పించినాడు. కానన్ డాయిల్ 1892 నాటి 'సిల్వర్ బ్లేజ్' కథలో మొరగని కుక్కను సాక్షిగా నిలబెట్టినాడు. ఇక్కడ లేని రొట్టె సాక్షి అయినది. ఆ కథలోనే ఇంకొక సూత్రం కూడా ఉన్నది, విమర్శకులు దానిని తక్కువగా స్మరిస్తారు. కాపలావాని భోజనంలో కలిపిన నల్లమందు రుచి తెలియకుండా ఉండడానికి ఘాటైన మసాలా కూర కావలసి వచ్చినది. ఆ రాత్రి ఆ కూర వండవలెనని నిర్ణయించగలవారు ఎవరు అన్నదే హోమ్స్ వేసుకొన్న ప్రశ్న. వంటింటిలో అధికారం ఎవరిది అన్న ఈ ప్రశ్న, సీలియాక్ రోగి ప్రతి పూటా వేసుకోక తప్పని ప్రశ్న.

వాస్తవికంగా వ్రాయదలచిన భారతీయ రచయితకు సామగ్రి పంజాబు, హర్యానా, రాజస్థాన్ ప్రాంతాల ఇండ్లలో సిద్ధంగా ఉన్నది. శీతకాలంలో ఆవకూరతో తినే మొక్కజొన్న రొట్టె రోగికి నిరపాయమని అందరూ అనుకొంటారు. కాని ఆ మొక్కజొన్నను ఊరి పిండిమరలో పట్టించినప్పుడు, అంతకు ముందు అదే రాతిలో పడిన గోధుమల పిండి దానిలో కలుస్తుంది. గ్లూటెన్ లేనిదని చెప్పుకొనే పదార్థంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదన్నది అంతర్జాతీయ ప్రమాణం, భారతదేశ ప్రమాణం కూడా. మర రాతికి ఆ లెక్క తెలియదు. బజారులో దొరికే పొడి ఇంగువను పలచన చేయడానికి తరచుగా గోధుమపిండినే వాడతారు. పప్పులో వేసిన చిటికెడు తిరగమోతలో అపాయం ఉన్నదని డిటెక్టివ్‌కు తట్టడానికి ఒక అధ్యాయం పట్టినా అది అతిశయోక్తి కాదు. నవరాత్రులలో ఉపవాసం ఉండే ఉత్తరాది ఇండ్లలో ధాన్యాలు మాని కుట్టు పిండితో, సింఘాడా పిండితో వండుకొంటారు. అందరికీ ఉపవాసమైన ఆ తొమ్మిది దినాలు, ఆ పిండ్లలో కల్తీ లేకపోతే, ఈ రోగికి ఇంటివారితో కలిసి ఒకే వంట తినే దినాలు. ఆ తొమ్మిది దినాలలో కళకళలాడి పదవనాడు మళ్లీ వాడిపోయే మనిషిని గమనించే కన్ను కథకునికి ఉండవలెను.

గురుద్వారాలో దోసిట పెట్టే కడా ప్రసాదం గోధుమపిండి, నెయ్యి, చక్కెరలతో చేసినది. దానిని కళ్లకద్దుకొని, నోట వేసుకోకుండా చేతిరుమాలులో కట్టుకొనే స్త్రీని ప్రక్కనున్నవారు ఎలా చూస్తారు? పెండ్లి విందులో ఏమీ ముట్టక "కడుపు నిండినది" అనే అమ్మాయిని? పెండ్లి సంబంధం చెడుతుందేమోనని తల్లిదండ్రులు జబ్బు మాట దాచి ఉంచి ఉండవచ్చు. ఆ విందులో ఆహారం విషమై పదిమంది పడిపోయినారనుకొంటే, ఏమీ కాకుండా మిగిలిన ఒక్కతె ఈమె. డొరొతీ సేయర్స్ 1930లో వ్రాసిన 'స్ట్రాంగ్ పాయిజన్'లో ఒకే వంటకం ఇద్దరు పంచుకొని తింటే ఒకడే చనిపోతాడు. బ్రతికినవాని దేహం ముందే విషానికి అలవాటు పడి ఉన్నది. బ్రతికినవారినే అనుమానించడం ఈ సాహిత్యంలో నియమం. మన అమ్మాయి నిర్దోషి అని నిరూపించుకోవడానికి ఒకే దారి ఉన్నది, దాచిన జబ్బును పదిమందిలో చెప్పడం. ఇక్కడ కథకు నిజమైన బిగువు వస్తుంది. ఎవరూ గొంతు పట్టుకొని కూలనవసరం లేదు.

సాక్ష్యం విషయంలో కూడా ఈ వ్యాధి కథకునికి గొప్ప వరం ఇచ్చినది. రక్తంలోని ప్రతిరక్షకాలను పరీక్షించి, గొట్టంతో చిన్నప్రేగు ముక్క తీసి చూచి వ్యాధిని నిర్ధారిస్తారు. ఆ సమయంలో రోగి గోధుమ తింటూ ఉండవలెను. ముందే మానివేస్తే ప్రేగు కోలుకుంటుంది, రక్తంలోని గుర్తులు క్షీణిస్తాయి, పరీక్ష ఏమీ లేదని చెబుతుంది. తనకు గోధుమ పడదని తానే కనిపెట్టి మానివేసిన తెలివైన మనిషి తన సాక్ష్యాన్ని తానే చెరిపివేసుకొన్నదన్నమాట. నిరూపణ కావలెనంటే వారాల తరబడి మళ్లీ ఆ బాధను తినవలెను. ఇంతటి ధర్మసంకటాన్ని ఏ నవలాకారుడూ కల్పించలేడు.

దీనికి ఎదుటి వైపు ప్రమాదం కూడా చెప్పవలసి ఉన్నది. ఇటీవల వ్యాధుల గురించి శ్రద్ధగా చదివి వ్రాసే రచయితలు పెరిగినారు, అది మంచిదే. కాని చదివినదంతా పాత్రల నోట పెట్టడం వలన నవల ఆస్పత్రిలో పంచే కరపత్రంగా మారుతుంది. హత్యకు గురైనవాడు చల్లబడకముందే డిటెక్టివ్ మేనకోడలు ప్రేగుల శాస్త్రం మీద రెండు పుటలు ఉపన్యసిస్తుంది. ఇంకొందరు రోగిని పుణ్యాత్మురాలిని చేస్తారు. ఆమెకు అసూయ ఉండదు, అబద్ధం ఉండదు, కోపం ఉండదు. నిజానికి పథ్యం మనిషిని చిరాకు పెడుతుంది. పదిమంది తింటూ ఉంటే తాను తెచ్చుకొన్న డబ్బా విప్పుకొనేవాడికి ఆ పదిమంది మీద ప్రేమ పొంగదు. ఒకనాడు ఎవరూ చూడకుండా అంగడి సమోసా తిని, రాత్రి బాధపడుతూ, ఇంటివారితో నీళ్లు పడలేదని చెప్పే రోగి ఉంటాడు. ఆ అబద్ధం చెప్పే హక్కును రచయిత అతనికి ఇవ్వవలెను. అపరాధ నవలలో ప్రతి పాత్రా ఏదో ఒకటి దాచిపెడుతుంది. రోగిని మాత్రం అందులోనుండి మినహాయించడం గౌరవం కాదు.

ఇటువంటి నవల హిందీలోనో పంజాబీలోనో వచ్చి తెలుగులోనికి అనువాదమైతే వచ్చే చిక్కు వేరు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌తో అపరాధ పరిశోధనకు అలవాటుపడిన తెలుగు పాఠకునికి సూత్రాలను పట్టుకోవడం కొత్త కాదు. కాని ఈ సూత్రాలు అతని విస్తరిలో లేవు. అక్కడ "రోటీ తిన్నావా" అన్న పలకరింపును ఇక్కడి అనువాదకుడు అలవాటు చొప్పున "అన్నం తిన్నావా" అని మారుస్తాడు. మామూలు నవలలో అదే సరియైన అనువాదం. ఈ నవలలో ఆ ఒక్క మాటతో కీలకం పోతుంది, ఎందుకంటే అన్నం ఈ రోగికి నిరపాయం. మరొకటి, తెలుగు ఇండ్లలో గోధుమకు ఆరోగ్యపు పేరు ఉన్నది. చక్కెరజబ్బు మనిషికి రాత్రిపూట అన్నం మాన్పించి చపాతీ పెడతారు, నీరసించినవారికి గోధుమరవ్వ ఉప్మా చేస్తారు. గోధుమ కీడు చేస్తుందన్న మాట ఆ పాఠకుని చెవికి మొదట విపరీతంగా వినిపిస్తుంది. కాకినాడ కాజాకు, ఆత్రేయపురం పూతరేకుకు ఉన్న తేడా అతనికి నోటితో తెలుసు. ఒకటి మైదాతో చేసినదని, రెండవది బియ్యపు పిండితో చేసినదని, అందువలన ఒకటి ఈ రోగికి నిషిద్ధమని, రెండవది కాదని ఎన్నడూ ఆలోచించి ఉండడు. అనువాదకుడు రోటీని రోటీగానే ఉంచి, ఆటా ఏ ధాన్యపు పిండో తొలి అధ్యాయంలోనే ఏదో ఒక పాత్ర చేత మాటవరుసకు అనిపించవలసి ఉంటుంది. పుట అడుగున వివరణ వ్రాస్తే హంతకుని పేరు ముందే చెప్పినట్లవుతుంది.